వరసలు చెప్పే పెట్టెకు పవర్ సప్లై

పాతపట్నం,
ఏప్రిల్ 7

చిరంజీవి ఉపేంద్రకు,

మావయ్య జగన్నాధం దీవించి రాస్తున్నది. విజయనగరంలో నువ్వూ, నీ కంప్యూటర్ల షాపూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నా చెవికి గాలి వినిపిస్తుంది గానీ మాట వినిపించదు. వినపడలేదంటే నామోషీ కాబట్టి అన్నింటికీ "సరే సరే" అంటాను. అలా సరే అన్నందుకు కిందటేడు ఎవరో మా పెరట్లోకి రెండు గేదెల్ని తోలుకొచ్చారు. వాటి కథ వేరే ఉంది, తీరిగ్గా రాస్తాను.

అసలు సంగతి. నా కంప్యూటరు పోయింది. శనివారం దాన్ని శుభ్రంగా తుడిచి, సాయంత్రం ఆన్ చేశాను. కాసేపు బంగారంలా నడిచింది. తరవాత పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఒక చప్పుడు, ఆనక ఠప్పుమని ఇంకో చప్పుడు, ఆ వెనక వాసన. మా ఊళ్లో సెల్‌ఫోన్లు బాగుచేసే ధనరాజు వచ్చి, వెనకనున్న ఇనప డబ్బా వాసన చూసి, "పవర్ సప్లై పోయింది తాతా. షాపుల్లో ఎస్ఎంపిఎస్ అంటారు. ఇంత పాత పెట్టెకు ఇక్కడ దొరకదు" అన్నాడు.

పద్దెనిమిదేళ్ల కిందట కొన్న ఆ పెట్టెలోనే కదా మన చుట్టాలందరి వంశాలూ, ఎవరికి ఎవరేమవుతారో, నేను టైపు చేసి పెట్టుకున్నది! ఇప్పుడు దానితో ప్రాణం మీదకొచ్చింది. నా తమ్ముడి కొడుకు గిరిబాబు లేడూ, వాడి కూతురు రాధికకు గరివిడి ప్రమోద్‌తో పెళ్లి కుదిరింది. మే పదహారున ముహూర్తం. పిల్లా పిల్లాడూ ఒకరంటే ఒకరు మురిసిపోతున్నారు. అంతలో మా పెద్దక్క, అదే మన దేముడమ్మప్ప, పుల్ల వేసింది.

"ఆ గుంటడు మన పిల్లకి బావవుతాడో అన్నవుతాడో నాకు అనుమానంగున్నాది. జగ్గడి పెట్టె తీసి సూడండి. సూసిందాకా నాను రోకలి ముట్టుకోను" అంది.

మన ఇళ్లలో పసుపు దంచేటప్పుడు మొదటి పోటు ఇంటికి పెద్ద ముత్తైదువది కదా. ఎనభై తొమ్మిదేళ్ల ఆవిడ రోకలి ముట్టకపోతే పెళ్లి కదలదు. నన్ను "ఒరే" అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఇంక ఆవిడొక్కతే, నేనేం ఎదురు చెప్పను?

కాబట్టి వెంటనే ఒక పవర్ సప్లై పంపించు. పొడవు జానెడు, ఎత్తు బెత్తెడు. జాన నాది కాదు, మా పాలేరు గంగులుది. నా చెయ్యి కీళ్లవాతంతో ముడుచుకుపోయింది.

ఆశీస్సులతో,
మావయ్య

తా.క.: తుడవడం వల్లే పోయిందని మీ అత్త అంటోంది. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి తుడిచాను!


విజయనగరం,
ఏప్రిల్ 10

మావయ్యకు ఉపేంద్ర నమస్కారాలు.

గంగులు జానను బట్టి ఎస్ఎంపిఎస్ ఇవ్వలేను మావయ్యా. పాత డబ్బా మీద ఒక స్టిక్కరు ఉంటుంది, అందులో ఎన్ని వాట్లో చూసి రాయండి. దాన్నుంచి బయటికొచ్చే వైర్లలో అన్నిటికన్నా వెడల్పాటి ప్లగ్గుకు ఎన్ని కన్నాలున్నాయో లెక్కపెట్టండి. ఇరవై ఉంటే ఒక రకం, ఇరవై నాలుగుంటే ఇంకో రకం.

ఇదంతా ఎందుకు, సీపీయూని గోనెసంచిలో కట్టి బస్సు పార్సిల్లో వేసెయ్యండి. ఒక్క పూటలో చేసి పంపుతాను.

మీ ఉపేంద్ర

తా.క.: గేదెల సంగతేమైంది?


పాతపట్నం,
ఏప్రిల్ 13

చిరంజీవి ఉపేంద్రకు మావయ్య ఆశీస్సులు.

పెట్టెను బస్సెక్కించడమా! నీకు షాపు తెలుసు గానీ పెళ్లిళ్లు తెలీవు. నీ ఊరికీ మగపెళ్లివారి గరివిడికీ ఎంత దూరం? పెట్టె అటుపోయి తిరిగొచ్చి "ప్రమోదు బావే" అని చెప్పిందనుకో, దారిలో వరస మార్పించేశారంటుంది దేముడమ్మప్ప. తనిఖీకి వెళ్లిన బియ్యమూ, తనిఖీ నుంచి వచ్చిన బియ్యమూ ఒకటేనని ఎవడైనా నమ్ముతాడా? పెట్టె గడప దాటదు. నువ్వు రాలేనంటావు, షాపులో పిల్లల పరీక్షల దరఖాస్తులు నింపే రోజులు. సరే.

స్టిక్కరు చదవడానికి నా కళ్లద్దాలు చాలలేదు. కాబట్టి నువ్వే చదువుకుందువని కొబ్బరినూనె రాసి, చాకుతో గీకి, ఊడదీసి, ఒక అట్టముక్క మీద అంటించి పంపుతున్నాను. మూడొందల వాట్లని ధనరాజు చదివాడు.

కన్నాలు గంగులు లెక్కపెడితే పంతొమ్మిది, నేను పెడితే ఇరవై. ఒకదాంట్లో వైరు లేదు, ఖాళీ. ఖాళీ కన్నం కన్నమా కాదా అని మాకు పొద్దున్నుంచి భోజనాల వేళ దాకా వాదన. "వైరు లేందే కన్నమెలాగవుతాది బాబూ? దూడ లేని కట్టుగొయ్యని పశువని లెక్కేస్తావేటి?" అంటాడు గంగులు. నేను ఇరవై మీదే నిలబడ్డాను.

ఆశీస్సులతో,
మావయ్య

తా.క.: స్టిక్కరు చివర ఎర్ర అక్షరాలతో "జాగ్రత్త" అని ఇంగ్లీషులో ఏదో రాసిన ముక్క చిరిగి విడిగా వచ్చింది. దాంతో నీకు పనుండదని పారేశాను.


విజయనగరం,
ఏప్రిల్ 17

మావయ్యకు నమస్కారాలు.

మీరే గెలిచారు, ఇరవై. అంత పాతవి ఇప్పుడు తయారు కావడం లేదు. అయినా భయం లేదు. ఈ పార్సిల్లో కొత్తది పంపుతున్నాను. దీని ప్లగ్గు ఇరవైకి నాలుగు కలిపి ఉంటుంది. ఆ నాలుగూ పక్కకు ఊడొస్తాయి. ఇరవై మాత్రం పెట్టి, నాలుగు వదిలెయ్యండి. ధనరాజుకు ఈ ఉత్తరం చూపిస్తే చాలు, పావుగంట పని.

మీ ఉపేంద్ర

తా.క.: దయచేసి దీని స్టిక్కరు ఊడదీయకండి.


పాతపట్నం,
ఏప్రిల్ 20

చిరంజీవి ఉపేంద్రకు మావయ్య ఆశీస్సులు.

నీ పార్సిలు అందింది. అదే బస్సులో వెనక్కి పంపుతున్నాను. కోపం తెచ్చుకోకు, కారణాలు విను.

నాలుగు కన్నాలు ఎక్కువిచ్చావు. అది కొసరు కింద తీసుకున్నాను, మంచిదే. బజారులో కొసరెయ్యని కొట్టుకు మా నాన్న రెండోసారి వెళ్లేవాడు కాదు. కానీ డబ్బా మీద నాలుగొందల యాభై వాట్లని ఉంది! నా పెట్టె మూడొందలకు అలవాటు పడ్డ ప్రాణి. మూడు తవ్వల కడుపులో నాలుగున్నర తవ్వల అంబలి పోస్తే ఏమవుతుంది? పోనీ దానికీ సర్దుకుందామనుకున్నాను. ధనరాజు "ఏటీ కాదు తాతా" అన్నాడు.

అసలు లోటు వేరే ఉంది. పాత డబ్బా వెనక చిన్న ఎర్ర బుడిపె ఉండేది. గోరుతో నెడితే ఇటూ అటూ జరిగేది. నువ్వు పంపిన దానికి అది లేదు. డబ్బాను నాలుగుపక్కలా తిప్పి చూశాం. బుడిపె లేని సరుకు మా ఊళ్లో పనిచెయ్యదు. అదున్నదే పంపు.

ఆశీస్సులతో,
మావయ్య

తా.క.: పార్సిల్లో పనసకాయ పెట్టాను. పండినాక కొయ్యి. డబ్బా దాని అడుగున ఉంటుంది.


విజయనగరం,
ఏప్రిల్ 25

మావయ్యకు నమస్కారాలు.

పనసకాయ బస్సులోనే పండింది. డబ్బాను రెండు రోజులు ఎండలో పెట్టి బంక తుడిచాను. బాగానే ఉంది.

వాట్ల గురించి: అది పోసే అంబలి కాదు మావయ్యా, కుండలో ఉన్న అంబలి. కుండ ఎంత పెద్దదైనా మీ పెట్టె తనకు కావలసినంతే తాగుతుంది. ఇక ఎర్ర బుడిపె కొత్తవాటికి ఉండదు. దాని అవసరమూ లేదు. కానీ పెళ్లి దగ్గరపడుతోంది, మీతో వాదించే తీరిక నాకు లేదు. నెల్లిమర్లలో పాత సామాన్లు కొనే ఈశ్వర్ కొట్లో అటక దులిపించి రెండు పాతవి పట్టుకొచ్చాను. ఇరవై కన్నాలు, మూడొందల వాట్లు, ఎర్ర బుడిపె. అచ్చం మీరడిగిన పిల్లే. షాపులో ఆరు గంటలు నడిపి చూసి ఒకటి పంపుతున్నాను.

మీ ఉపేంద్ర

తా.క.: ఆ బుడిపె మీద మీకంత మమకారం ఎందుకో రాయలేదు.


పాతపట్నం,
ఏప్రిల్ 29

చిరంజీవి ఉపేంద్రకు,

ఏమని రాయను? నిన్న సాయంత్రం జరిగింది చదివి నువ్వే చెప్పు.

డబ్బా బిగించాం. వీధరుగు మీద జనం. గిరిబాబు కుర్చీలు వేయించాడు. దేముడమ్మప్పను మంచంతో సహా తెచ్చారు. ఆరున్నరకు ఆన్ చేశాను. ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. నా కళ్లు చెమర్చాయి. "చుట్టరికాలు" అన్న ఫైలు మీద బాణం పెట్టాను. అప్పటిదాకా వీధిలో బల్బు నిప్పుకణికలా ఎర్రగా ఉంది. ఉన్నట్టుండి కరెంటు బాగుపడి బల్బు తెల్లగా వెలిగింది. అందరూ "హమ్మయ్య" అన్నారు. ఆ మాట పూర్తికాకుండానే ఠప్! పొగ!

దేముడమ్మప్ప మంచం మీద లేచి కూచుంది. "సూసినారా? ఆ సంబందం పేరెత్తేతలికి పెట్టె గుండె పగిలిపోనాది. ఇది ముమ్మాటికీ అన్న వరసే!" అంది. జనమంతా తలలూపారు. నేనూ ఊపాను, ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. తరవాత రాధిక వచ్చి నా చెవి దగ్గర అరిచి చెప్పింది. "తాతా, నీ పెట్టె పేలితే నా పెళ్లి ఆగిపోవాలేటి? నాను దానికి ఏటి అన్యాయం సేసినాను?" అని ఏడ్చింది. 

ఈ మాట గరివిడికి చేరిపోయింది. ప్రమోద్ తండ్రి, అక్కడ ఫ్యాక్టరీలో పనిచేసే పోతురాజు, "పేలుళ్లన్నీ అయ్యాకే శుభలేఖలు అచ్చేద్దాం" అని కబురు పంపాడు.

ఒరే ఉపేంద్రా, నీ సరుకు తక్కువ కరెంటులో పనిచేసి మంచి కరెంటుకు చస్తోంది. ఇటువంటి సరుకు నేనెక్కడా చూడలేదు.

మావయ్య

తా.క.: నా తరపున ఈశ్వర్ కొట్టును అడుగు, ఇది ఏ ఇంట్లో వాడిన డబ్బా? ఆ ఇంట్లో ఏదైనా పెళ్లి చెడిందేమో కనుక్కో.


విజయనగరం,
మే 2

మావయ్యకు నమస్కారాలు.

నాకు బుర్ర తిరుగుతోంది. పదిహేనేళ్లుగా షాపు నడుపుతున్నాను. కరెంటు పోతే చచ్చినవి చూశాను, పిడుగుపడి చచ్చినవి చూశాను, ఒకదాంట్లో బల్లి చచ్చి అదీ చచ్చింది చూశాను. కరెంటు బాగుపడితే చచ్చేది చూడలేదు. మా రాధికనూ, నా షాపు పరువునూ తలుచుకుని రెండో పాతదాన్ని పంపుతున్నాను. దీన్ని రెండు రోజులు నడిపాను, చీమ కుట్టినట్టయినా లేదు. ఈసారి ఫ్రిజ్జూ, మోటారూ ఆపేసి పెట్టండి.

మీ ఉపేంద్ర

తా.క.: ఊరికే అడుగుతున్నాను. ఆ ఎర్ర బుడిపె పక్కన ఏ అంకె కనబడుతోంది? 230 కదా?


పాతపట్నం,
మే 5

చిరంజీవి ఉపేంద్రకు,

అదీ పేలింది. ఫ్రిజ్జు ఆపాను, మోటారు ఆపాను, పక్కింటి పద్మకుమారి చేత వాళ్ల గ్రైండరు కూడా ఆపించాను. సగం నూరిన పిండితో ఆవిడ గోడ మీంచి పెట్టిన శాపనార్థాలు నాకు వినపడకపోవడం దేవుడు చేసిన మేలు. ఈసారి ఐదు నిమిషాలే. దేముడమ్మప్ప "రెండు!" అని వేలు చూపించింది. మూడోది పేలితే తానే గరివిడికి మనిషిని పంపి సంబంధం వద్దనిపిస్తానంది.

మావయ్య

తా.క.: నీ ప్రశ్నకు జవాబు మరిచాను. 230 ఎందుకుంటుంది? నువ్వు 230 మీద పెట్టి పంపితే ప్రతిసారీ నేనే 115కి జరిపాను. మా ఊళ్లో సాయంత్రం ఓల్టేజీ ఎంత తక్కువో నీకు తెలీదా? ఎండలు ముదిరాక బల్బు దీపంబుడ్డిలా ఉంటుంది. తక్కువ కరెంటుకు తక్కువ అంకె పెట్టడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మొదట తుడిచిన రోజునే ఆ కిటుకు కనిపెట్టాను.


విజయనగరం,
మే 6

మావయ్యా!

నమస్కారాలు తరవాత. ముందిది చదవండి.

ఆ అంకె లో ఓల్టేజీ ఊళ్ల కోసం కాదు! 115 కరెంటు వచ్చే అమెరికా లాంటి దేశాల కోసం! అటు జరిపితే, "నీకు వచ్చేది సగమే, నువ్వే రెండింతలు చేసుకో" అని డబ్బాకు చెప్పినట్టు. సాయంత్రం కరెంటు తక్కువగా ఉన్నంతసేపూ పాపం అది ఎలాగో ఓర్చుకుంది. పూర్తి కరెంటు రాగానే దాన్నీ రెండింతలు చేసుకుని చచ్చింది. మీ పాత పెట్టె డబ్బాతో కలిపి మూడు హత్యలు చేశారు మావయ్యా. వరసకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, దేముడమ్మప్పకు చెప్పండి.

పనసబంక తుడిచిన కొత్తదాన్నే మళ్లీ పంపుతున్నాను. కరెంటు నూటపదికి పడ్డా రెండొందల నలభైకి లేచినా తనే చూసుకుంటుంది. ఎర్ర బుడిపె లేదు. లేదనే పంపుతున్నాను!

ఉపేంద్ర

తా.క.: డబ్బాలో ఇంకే కన్నం కనబడినా అందులో ఏమీ పెట్టొద్దు, తిప్పొద్దు, జరపొద్దు.


పాతపట్నం,
మే 10

చిరంజీవి ఉపేంద్రకు మావయ్య ప్రేమతో ఆశీర్వదించి రాస్తున్నది.

ముందు తప్పు ఒప్పుకుంటున్నాను. మూడు డబ్బాలకూ నేనే యముణ్ని. ఆ మాట రాధికకు చెబితే ఏడుపు ఆపి నన్ను కొట్టడానికి వచ్చింది. అదీ శుభమే అనుకున్నాను.

నిన్న ఉదయం పదింటికి, పట్టపగలు, డబ్బా బిగించాం. మొన్నటికన్నా జనం రెట్టింపు. గరివిడి నుంచి పోతురాజు కూడా వచ్చి, పేలుతుందేమోనని గుమ్మం బయటే కుర్చీ వేసుకున్నాడు. స్విచ్చి నొక్కాను. ఫ్యాను తిరిగింది. పచ్చ దీపం వెలిగింది. తెర మీద వెలుగొచ్చింది. పేలలేదు! అరుగంతా చప్పట్లు.

కానీ తెర మీద నా చుట్టరికాలు లేవు. నల్లటి తెర మీద ఇంగ్లీషులో ఒకే ఒక్క వాక్యం, తెల్ల అక్షరాల్లో. ధనరాజు దాన్ని చదివి తెల్లబోయి, నా చెవిలో చెబితే ఊరంతా వింటుందని పేపరు అంచు మీద రాసి చూపించాడు: "హార్డ్ డిస్కు చచ్చిపోయింది తాతా. ఆ పేలుళ్లకే. ఇంక ఏమీ రాదు."

ఉపేంద్రా, నా అవస్థ ఊహించుకో. బయట వందమంది, నా వీపు మీద రాధిక చూపు. ఆ ఖాళీ తెర ముందు కళ్లద్దాలు పెట్టుకుని పావుగంట చదువుతున్నట్టు కూచున్నాను. కూచోగా కూచోగా నాకో ఆలోచన వచ్చింది. ఇన్ని పేర్లు, ఇన్ని వంశాలు నాకెవరు చెప్పారు? నేనేం అడవిలో తపస్సు చేసి తెలుసుకోలేదు కదా. పద్దెనిమిదేళ్ల కిందట ఒక వేసంగి అంతా ఇదే గదిలో, ఇదే కుర్చీ పక్కన కూచుని, చుట్ట కాలుస్తూ నాచేత అక్షరం అక్షరం రాయించింది దేముడమ్మప్పే!

లేచి వెళ్లి ఆవిణ్ని చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, తలుపు వేశాను. "అప్పా, పెట్టె నిన్నే అడగమంటన్నాది" అన్నాను.

ఆవిడ తెరను చూసింది. దాని మీది అక్షరాలను చూసింది. చదువు రాదు గానీ బోడి తెరంటే ఆమాత్రం తెలీదా? కాసేపు నవ్వింది. తరవాత నా చెవి దగ్గరకొచ్చి, "బావేరా. నికార్సయిన బావ. ఆ గుంటడి తండ్రికి మన రాధిక తల్లి సెల్లెలు వరస. నాకు తెల్దేటి?" అంది.

"మరి ఇన్నాళ్లూ సెప్పవేటి!" అన్నాను.

"ఎవలడిగార్రా? నిశ్సయం మాటలాడిననాడు ఎవలో నా పేరెత్తితే, గిరిబాబుగోడు 'ముసల్దాన్ని అడగడమెందుకు, అంతా పెదనాన్న కంప్యూటర్లో ఉన్నాది' అన్నాడు. అయితే దాన్నే అడుక్కోండి అన్నాను. నువ్వూ ఒక్కమాటు నా కాడికొచ్చినావేటి? డబ్బాల కోసం బస్సుల ఎంట తిరిగినావు. ఒళ్లు మండి అన్న వరసన్నాను, అప్పుడైనా నన్నడుగుతారని."

నాకు తలెత్తే మొహం లేకపోయింది. తలుపు తీసి, "బావ వరసే!" అని గట్టిగా చెప్పాను. పోతురాజు కుర్చీ లోపలికి జరుపుకున్నాడు. దేముడమ్మప్ప నా వెనకాలే వచ్చి జనంతో, "నాను సెప్పినాను, పెట్టె ఒప్పుకున్నాది" అంది. మధ్యాహ్నానికల్లా రోకలి చేతపట్టి మొదటి పోటు వేసింది. ఆ పోటు నాక్కూడా వినపడింది.

పదహారున ముహూర్తం. షాపు మూసేసి పిల్లలతో రెండు రోజుల ముందే రావాలి. ఇది నా మాట కాదు, రాధిక మాట.

ప్రేమతో,
మావయ్య జగన్నాధం

తా.క.: కొత్త హార్డ్ డిస్కు తెస్తానంటావేమో, తేవద్దు. ఇవాళ పొద్దున్న పక్క వీధి నుంచి ఎవరో తమ పిల్లకు వరస చూడమని వచ్చారు. కబురెళ్లిన పావుగంటలో దేముడమ్మప్ప ఉతికిన చీర కట్టుకుని వచ్చి పెట్టె పక్కన కూచుంది. నేను స్విచ్చి నొక్కాను. ఫ్యాను తిరిగింది, పచ్చ దీపం వెలిగింది. ఇంక చాలు. ఇన్నేళ్లలో అది ఇంత బాగా ఎప్పుడూ పనిచెయ్యలేదు.